జిల్లేడాకు మీద పురుగు... హ్యాండ్‌బ్యాగులో చేప!

ఒకదాన్ని చూస్తే "అబ్బ, ఎంత బావుందో!" అంటాం. ఇంకోదాన్ని చూస్తే "ఛీ, ఏమిటీ జిగురు!" అని ముక్కు మూసుకుంటాం. మరి ఈ రెండింట్లో మనకి చుట్టరికం దేనితో? కష్టంలో ఉన్నది ఏది? రండి, వరసలు కలిపి చూద్దాం.

ఈ ఏడాది రథసప్తమి నాడు పొద్దున్నే జిల్లేడాకులు కోసుకురమ్మని మా మనవరాలు చిన్నిని పెరటి గోడ పక్కకి పంపాను. ఏడు ఆకులు కోయడానికి ఎంతసేపు కావాలి చెప్పండి? నీళ్లు కాగి చల్లారిపోతున్నాయి గానీ పిల్ల రాదే! చివరికి ఆరు ఆకులతో వచ్చింది. "ఏడోది కోయలేదమ్మమ్మా, దాని వెనక ఎవరో ఉన్నారు" అంది.

వెళ్లి చూస్తే గొంగళి పురుగు. ఒళ్లంతా తెలుపు, నలుపు పట్టీలు, మధ్యమధ్య పసుపు చుక్కలు. మూడు చోట్ల జంటజంటగా నల్లటి మీసాల్లాంటివి. నన్నడిగితే పట్టు అంచు చీర కట్టుకున్న పేరంటాలిలా ఉంది. ఆ ఏడో ఆకుని అలాగే కొమ్మతో సహా తెంపి, హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతికి పాత పంచె గుడ్డ కట్టింది చిన్ని. స్నానం సంగతి సరే, ప్రాజెక్టుకి ఒక జంతువు దొరికిందని దాని సంబరం.

ప్రాజెక్టు ఏమిటంటారా? ఎనిమిదో తరగతి. "ఏవైనా రెండు జంతువుల్ని తీసుకోండి. వాటి వర్గీకరణ, సంరక్షణ స్థితి పోల్చి రాయండి" అన్నారట టీచరు. ఒకటి సీతాకోకచిలుక. రెండోది ఏది?

రెండోది నా బీరువాలో దొరికింది!

పర్సు చెప్పిన నిజం

కిందటేడు మా చెల్లెలు అమెరికా నుంచి వస్తూ నాకో పర్సు తెచ్చింది. నున్నగా, పల్చగా, పొడుగు పొడుగు చారలతో భలే ఉంటుంది. లోపల చీటీ మీద "ఈల్ స్కిన్" అని ఉంది. ఈల్ అంటే పాములా ఉండే చేప కదా, మన మలుగుపాప లాంటిది. చిన్ని దాన్నే రాస్తానంది. సరే, కనుక్కుందామని ఒరెగాన్‌లో ఉండే మా చెల్లెలి కూతురికి ఫోన్ చేస్తే అది పకపకా నవ్వింది. "పెద్దమ్మా, అది ఈల్ కానే కాదు. హ్యాగ్‌ఫిష్ తోలు. ఆ పేరు చెబితే ఎవరూ కొనరని ఈల్ అని రాస్తారు!"

హ్యాగ్ అంటే ఇంగ్లీషులో వికారంగా ఉండే ముసలిది, మంత్రగత్తె అని అర్థం. చూశారా, చేపని తిట్టడానికి కూడా ముసలాడదే దొరికింది పెద్దమనుషులకి!

ఆ అమ్మాయి ఇంకో సంగతి కూడా చెప్పింది. 2017 జులై 13న వాళ్ల రాష్ట్రంలో సముద్రతీరం వెంట వెళ్లే 101 నంబరు హైవే మీద ఒక లారీ బోల్తా పడింది. లోపల దాదాపు 3,400 కిలోల బతికున్న హ్యాగ్‌ఫిష్‌లు. కొరియాకి ఎగుమతి అవుతున్న సరుకు. అవి రోడ్డు మీద పడి, భయంతో ఒంట్లోంచి జిగురు వదిలాయి. రోడ్డు, పక్కనున్న కార్లు అన్నీ తెల్లటి బంకలో మునిగిపోయాయట. బుల్‌డోజరుతో ఎత్తి, గొట్టాలతో నీళ్లు కొట్టి శుభ్రం చేశారు.

అదీ మన పర్సు పూర్వజన్మ! చిన్ని "ఛీ" అని పర్సుని మంచం మీదికి విసిరేసింది. మరుక్షణం "ఇదే రాస్తా అమ్మమ్మా" అంది.

ఇంటిపేరు ముందు, పేరు తర్వాత

వర్గీకరణ అనగానే చదువుకునే రోజుల్లో మనకి నిద్ర ముంచుకొచ్చేది. నిజానికి అది మనం రోజూ చేసే పనే. కొత్త మనిషి కనబడితే ఏం అడుగుతాం? "మీ ఇంటిపేరు? మీది ఏ ఊరు? ఫలానావాళ్లు మీకేమవుతారు?" అని వరస తేలేదాకా వదలం. శాస్త్రవేత్తలు చేసేదీ అదే. రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని ఏడు మెట్లు. పైమెట్టు మీద దూరపు బంధువులు, కిందికి దిగేకొద్దీ దగ్గరివాళ్లు.

ఇందులో తమాషా ఏమిటంటే, శాస్త్రీయ నామంలో మన తెలుగువాళ్ల పద్ధతే! ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. మా పెరట్లో జిల్లేడాకు తింటున్న పురుగు పెద్దయితే 'ప్లెయిన్ టైగర్' అనే నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. దాని పేరు డానస్ క్రిసిప్పస్. ఉత్తర అమెరికాలో పేరు మోసిన 'మొనార్క్' సీతాకోకచిలుక పేరు డానస్ ప్లెక్సిప్పస్. ఇంటిపేరు ఒకటే కదూ? అంటే అక్కచెల్లెళ్ల వరస. మనది జిల్లేడు తింటే, అది అక్కడి 'మిల్క్‌వీడ్' తింటుంది. ఆ మొక్కా గిల్లితే పాలు కారేదే, జిల్లేడు కుటుంబానిదే. ఆ పాలల్లోని విషాన్ని ఒంట్లో దాచుకుని రెండూ పక్షుల బారినుంచి తప్పించుకుంటాయి. తేడా అల్లా మనదాని గొంగళికి మూడు జతల మీసాలు, మొనార్క్ గొంగళికి రెండు జతలే. ఎక్కడి అమెరికా, ఎక్కడి మా పెరడు!

ఇలా పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచింది స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. 1758లో వచ్చిన ఆయన పుస్తకం పదో కూర్పులో ఈ రెండు సీతాకోకచిలుకలూ ఉన్నాయి. హ్యాగ్‌ఫిష్ కూడా ఉంది. కానీ పాపం, ఆయన దాన్ని ఎక్కడ పెట్టాడో తెలుసా? పురుగుల్లో! వానపాముల సరసన. దవడ లేదు, రెక్కలు లేవు, పొలుసులు లేవు, కళ్లు పేరుకే. అంత మహానుభావుడూ చూపుకే మోసపోయాడు.

మరి మనకెవరు చుట్టం?

చిన్నిని అడిగాను, "సీతాకోకచిలుకా, హ్యాగ్‌ఫిషా, వీటిలో మనకి దగ్గరి చుట్టం ఏది?" అని. "ఇంకేది, సీతాకోకచిలుకే" అంది ఠక్కున. మీరూ అదే అనుకున్నారు కదూ? నేనూ అంతే.

కానీ లెక్క తిరగబడింది. ఇద్దరి వంశవృక్షాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

మొనార్క్ సీతాకోకచిలుక:
జంతు రాజ్యం – ఆర్థ్రోపోడా వర్గం (కీళ్లకాళ్ల జీవులు) – కీటకాల విభాగం – లెపిడాప్టెరా క్రమం (పొలుసు రెక్కలవి) – నింఫాలిడే కుటుంబం – డానస్ ప్రజాతి – ప్లెక్సిప్పస్ జాతి.

జపాన్, కొరియా తీరాల హ్యాగ్‌ఫిష్:
జంతు రాజ్యం – కార్డేటా వర్గం – మిక్సిని విభాగం – మిక్సినిఫార్మెస్ క్రమం – మిక్సినిడే కుటుంబం – ఎప్టాట్రెటస్ ప్రజాతి – బర్గెరి జాతి.

రెండో మెట్టు దగ్గరే ఇద్దరూ విడిపోయారు. ఆ విడిపోయింది కూడా నిన్నా మొన్నా కాదు, 50 కోట్ల ఏళ్లకి పైమాటే. ఇక మనం? మనది కార్డేటా వర్గమే. ఆవు, కోడి, కప్ప, కొరమీను అన్నీ అందులోవే. అంటే పందిట్లో మన వరసలో కూర్చోవలసింది హ్యాగ్‌ఫిష్!

ఎలాగంటారా? దానికి పుర్రె ఉంది, ఎముకతో కాకపోయినా మృదులాస్థితో చేసింది. వీపు పొడుగునా పృష్ఠవంశం అనే మెత్తటి కడ్డీ ఉంది. తల్లి కడుపులో తొలివారాల్లో మనకీ ఆ కడ్డీ ఉంటుంది, తర్వాత దాని చోటే వెన్నెముక వస్తుంది. హ్యాగ్‌ఫిష్‌కి వెన్నుపూసలు అసలే లేవని చాలాకాలం అనుకున్నారు. 2011లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ బర్గెరి జాతి పిండాల్ని పరీక్షించి, వెన్నుపూసల జాడల్లాంటివి కనిపెట్టారు. 30 కోట్ల ఏళ్లనాటి శిలాజాల్లో కూడా హ్యాగ్‌ఫిష్ ఉంది. చుట్టాల్లో అందరికన్నా పాతకాలం మనిషన్నమాట.

చిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం మీది పర్సు తీసి, తుడిచి, బల్లమీద పెట్టింది.

ఇద్దరూ దారం తీస్తారు

పోలికే లేదనుకుంటే పొరపాటు. సీతాకోకచిలుక ఉన్న లెపిడాప్టెరా క్రమంలోనే పట్టుపురుగూ ఉంది. మన ధర్మవరం చీర ఆ కుటుంబం పెట్టిన భిక్షే.

మరి హ్యాగ్‌ఫిష్? దాని ఒంటికి రెండుపక్కలా వరసగా జిగురు గ్రంథులున్నాయి. వాటిలో ఒక్కో కణంలో ఒక్కో దారపు ఉండ. మన ఊలు ఉండలాగే చిక్కు పడకుండా చుట్టి ఉంటుంది. ఎవరైనా పట్టుకున్నారో, అర సెకను తిరక్కుండా ఆ ఉండలు విచ్చుకుని, సముద్రపు నీళ్లని పట్టి ఉంచి, వదిలిన దానికి పదివేల రెట్లు ఉబ్బుతాయి. మూరెడు పొడుగుండే ఒక్క చేప బకెట్టు నీళ్లని గంజిలా చేసేస్తుంది. కొరకబోయిన షార్కు నోట్లో, మొప్పల్లో ఆ బంక అడ్డం పడి, ఊపిరాడక కక్కేసి పారిపోతుంది. మరి తన జిగురు తనకే అంటుకోదా? అంటుకుంటుంది. అందుకే ఒంటిని ముడి వేసుకుని, ఆ ముడిని తోకనుంచి తల దాకా జార్చుకుంటూ తుడిచేసుకుంటుంది. తడి తువ్వాలు పిండినట్టు!

ఆ దారాలు పట్టుకి దీటుగా గట్టివి. వాటి తరహాలో బట్టకి పనికొచ్చే దారం తయారు చేయాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. ఎప్పటికైనా 'హ్యాగ్ పట్టు' చీర వస్తే మొదట ఎవరు కట్టుకుంటారో!

ఆరోగ్యం చీటీ

ఆసుపత్రిలో మంచం దగ్గర చార్టు తగిలిస్తారే, అలాగే ప్రపంచంలోని జీవులకి ఆరోగ్యం చీటీ రాసే సంస్థ ఒకటుంది. ఐ.యు.సి.ఎన్. అంటారు. 1948లో పుట్టింది. 1964 నుంచి 'ఎర్ర జాబితా' రాస్తోంది. అందులో మెట్లు ఇవి: దిగులు లేదు, ముప్పుకి దగ్గర, ముప్పు అంచున, ప్రమాదంలో, అత్యంత ప్రమాదంలో, ఇక లేనట్టే. వీటికి తోడు ఇంకో గడి ఉంది. 'సమాచారం చాలదు'. అంటే రోగం ఉందో లేదో చూసేందుకు డాక్టరే రాలేదన్నమాట.

మొనార్క్ చీటీ చూద్దాం. మొత్తం జాతికి దిగులు లేదు. అది చాలా దేశాల్లో ఉంది. కానీ ఉత్తర అమెరికాలో వలస వెళ్లే శాఖకి 2022 జులైలో 'ప్రమాదంలో' అని రాశారు. మరుసటి ఏడు లెక్కలు మళ్లీ చూసి 'ముప్పు అంచున' అని ఒక మెట్టు తగ్గించారు. 2024 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం కూడా దీనికి చట్టపరమైన రక్షణ ఇవ్వాలని ప్రతిపాదించింది.

ఇంత పక్కాగా ఎలా తెలిసిందంటే, లెక్క పెట్టినవాళ్లున్నారు కాబట్టి. అర గ్రాము బరువుండే ఈ ప్రాణి కెనడా, అమెరికాల నుంచి నాలుగు వేల కిలోమీటర్లకి పైగా ఎగిరి మెక్సికో కొండల మీది ఫర్ చెట్ల అడవుల్లో చలికాలం గడుపుతుంది. ఎక్కడికి పోతోందో చాలా ఏళ్లపాటు శాస్త్రలోకానికి తెలియలేదు. కెనడాలో ఫ్రెడ్ ఉర్క్‌హార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు రెక్కలకి చిన్న చిన్న చీటీలు అంటించి వదిలారు. నోరా పత్రికలకి ఉత్తరాలు రాసి సహాయకుల్ని పోగుచేసింది. ఊరూరా గృహిణులు, బడిపిల్లలు, రైతులు ఈ చీటీలు అంటించారు. చివరికి 1975 జనవరి 2న మెక్సికో అమ్మాయి కాటలీనా అగ్వాడో, కెన్ బ్రగ్గర్ కలిసి కొండమీద ఆ చోటు కనిపెట్టారు. చెట్ల మాను కనపడకుండా లక్షల రెక్కలు! 1976 ఆగస్టులో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రం మీద సీతాకోకచిలుకల మధ్య నవ్వుతూ కనిపించేది ఆ కాటలీనాయే.

అప్పటినుంచి అక్కడి అడవిలో అవి ఎంత మేర వాలాయో చూసి లెక్క కడుతున్నారు. 1996-97 చలికాలంలో 18 హెక్టార్లు, అంటే మన లెక్కలో 45 ఎకరాలు. 2013-14లో అది 0.67 హెక్టారుకి, అంటే ఎకరం ముప్పావు లోపుకి పడిపోయింది. 2024-25లో 1.79 హెక్టార్లు, నాలుగున్నర ఎకరాల లోపే. మొక్కజొన్న, సోయా చేలల్లో కలుపు మందులు కొట్టి మిల్క్‌వీడ్‌ని లేకుండా చేయడం, మెక్సికోలో చెట్లు నరకడం, ఎండలు ముదరడం కారణాలు. అందుకే అక్కడి ఆడవాళ్లు తమ ఇళ్ల ముందు కుండీల్లో కూడా మిల్క్‌వీడ్ పెంచుతున్నారు.

ఎవరూ తగిలించని చార్టు

ఇక హ్యాగ్‌ఫిష్ చీటీ. 2011 దాకా అసలు చీటీయే లేదు! ఆ ఏడాది తొలిసారి 76 జాతుల్ని కలిపి పరిశీలించారు. అందులో 9 జాతులకి, అంటే నూటికి 12 వంతులకి ముప్పు ఉందని తేలింది. దక్షిణాఫ్రికా తీరంలోని ఒక జాతి 'అత్యంత ప్రమాదంలో' ఉంది. మన పర్సు కుటుంబంలోని బర్గెరి 'ముప్పుకి దగ్గర' గడిలో ఉంది. చాలా జాతులకి మాత్రం 'సమాచారం చాలదు' అని రాసి ఊరుకోవలసి వచ్చింది.

ఎందుకు చాలదు? అవి ఉండేది సముద్రం అడుగున, చీకట్లో, బురదలో. అవి ఎలా పిల్లల్ని కంటాయో కనిపెట్టిన వారికి బహుమతి ఇస్తామని కోపెన్‌హాగెన్‌లోని శాస్త్ర అకాడమీ 1864లో ప్రకటించింది. ఆ బహుమతి ఎవరికీ దక్కలేదు! ఆడ మొనార్క్ కొన్ని వందల గుడ్లు పెడుతుంది. హ్యాగ్‌ఫిష్ పెట్టేది ఒక విడతకి ఏ ఇరవయ్యో ముప్ఫయ్యో. పట్టుకుపోయినంత వేగంగా పుట్టలేవు.

పట్టుకుపోయేది మాత్రం జోరుగానే ఉంది. కొరియాలోని బూసాన్ నగరంలో హ్యాగ్‌ఫిష్ పేరున్న వంటకం. 'కొమ్‌జాంగో' అంటారు. ఉల్లిపాయలు వేసి, ఎర్రటి మిరపకాయ ముద్ద పట్టించి, బొగ్గుల మీద వేయిస్తారు. మన గుంటూరు వాళ్లకి నచ్చే కారమే! మాంసం పళ్లేనికి, తోలు పర్సుకి. కొరియా, జపాన్ తీరాల్లో అవి తగ్గిపోవడంతో 1980ల చివర్లో వ్యాపారులు అమెరికా పసిఫిక్ తీరానికి వెళ్లారు. తర్వాత అట్లాంటిక్ తీరానికి. ఒరెగాన్‌లో బోల్తా పడిన లారీ కథ వెనక ఉన్నది ఇదే.

పోతే పోనీ, ఆ బంక చేప లేకపోతే మనకేం అంటారా? సముద్రంలో చచ్చిన తిమింగలం నుంచి చిన్న చేప దాకా అడుగుకి చేరే కళేబరాల్ని తిని శుభ్రం చేసేది ఇదే. మన గోళ్లలో ఉండే పదార్థంతోనే చేసిన పళ్లతో గీకి గీకి తింటుంది. నెలల తరబడి తిండి లేకపోయినా ఓర్చుకుంటుంది. బురదని కలియబెట్టి, మిగతా ప్రాణులకి ఆ చోటు పనికొచ్చేలా చేస్తుంది.

ఇది రాస్తుంటే నాకు మా పెద్దత్తయ్య గుర్తొచ్చింది. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆవిడ ఉండేది పెరట్లో, గాడిపొయ్యి దగ్గర. గుండిగలు తోమడం, ఎంగిలాకులు ఎత్తించడం, మిగిలిన అన్నం ఎవరికి పోవాలో చూడటం అంతా ఆవిడే. నల్లగా, పొట్టిగా, మొహాన మశూచి మచ్చలతో ఉండేది. ఫొటోగ్రాఫరు వచ్చినప్పుడు "రా పెద్దక్కా" అని పిలిచిన వాళ్లు లేరు. నా పెళ్లి ఆల్బంలో నూట ఇరవై ఫొటోలున్నాయి. ఆవిడది ఒక్కటీ లేదు. పోయిన తర్వాత వచ్చిన మొదటి పెళ్లిలో గాని, ఎన్ని పనులు ఆగిపోతాయో మాకు తెలియలేదు.

మొనార్క్‌ని తక్కువ చేయడం లేదు సుమండీ. దానికి వచ్చిన కష్టం నిజమే, దానికోసం పాటుపడ్డ వాళ్లకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ ఆదరం దక్కింది దానికి కష్టం ఉందని మాత్రమే కాదు, అందం ఉందని కూడా. అందంగా ఉన్నదాన్ని నలుగురూ చూస్తారు. చూసినదాన్ని లెక్కపెడతారు. లెక్క ఉన్నదానికి చట్టం వస్తుంది. చూడబుద్ధి కానిదానికి మొదటి మెట్టు దగ్గరే తలుపు మూసుకుపోతుంది. 'సమాచారం చాలదు' అంటే 'బాగానే ఉంది' అని కాదు. ఎవరూ వెళ్లి చూడలేదని.

మీరు చేయగలిగినవి

• కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పక్షి రెట్టలా కనబడి, తర్వాత పచ్చగా మారే పురుగులు సీతాకోకచిలుక పిల్లలే. ముట్టుకుంటే తల దగ్గర నారింజరంగు కొమ్ము చాపి ఘాటు వాసన వదులుతాయి, భయపడకండి. మందు కొట్టకుండా, అన్నింటినీ ఒక కొమ్మ మీదికి చేర్చి ఆ కొమ్మ వాటికి వదిలేయండి. మిగతా ఆకు మీ పోపులోకి.

• ఖాళీ స్థలంలో ఒక జిల్లేడు చెట్టు ఉంటే ఉండనివ్వండి. ఆకు కోసేముందు వెనక్కి తిప్పి చూడండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం, కోసిన చేతులు సబ్బుతో కడుక్కోండి. పిల్లల్ని ఒంటరిగా పంపకండి (నేను చేసిన పొరపాటు మీరు చేయొద్దు).

• 'ఈల్ స్కిన్' అని ఉన్న పర్సు, బెల్టు కొనబోయే ముందు అది ఏ చేప, ఎక్కడిదని అడగండి. దుకాణం వాళ్లకి తెలియకపోవచ్చు. అడిగేవాళ్లుంటేనే తెలుసుకుంటారు.

• ఇప్పటికే ఉన్నదాన్ని పారేయకండి. ఒక ప్రాణి పోయి తయారైన వస్తువు పదికాలాలు మన్నితేనే న్యాయం. తడి తగలనీయకుండా, మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, కాగితం కూరి బీరువాలో పెట్టండి. ఈ తోలు పర్సులో పెడితే బ్యాంకు కార్డులు పాడవుతాయని ఒకప్పుడు అమెరికాలో పుకారు పుట్టింది. అది తోలు తప్పు కాదు, పర్సు మూతకి పెట్టే అయస్కాంతం గుండీది.

సీసాలో పురుగు నాలుగు రోజులకి తలకిందులుగా వేలాడి పచ్చటి చెవిదుద్దులా మారింది. తర్వాత ఒకనాటి పొద్దున నారింజరంగు రెక్కలు, కొసల్లో నలుపు మీద తెల్లచుక్కలు! గుడ్డ విప్పగానే కాసేపు కిటికీ ఊచ మీద ఆరి, జిల్లేడు వైపే ఎగిరిపోయింది.

చిన్ని ప్రాజెక్టులో ఎడమ పేజీ సీతాకోకచిలుకది, రంగురంగుల బొమ్మతో. కుడి పేజీలో బూడిదరంగు హ్యాగ్‌ఫిష్‌ని ఇంకా పెద్దగా వేసింది. కింద "మా దూరపు చుట్టం. ఆరోగ్యం ఎలా ఉందో ఎవరూ కనుక్కోలేదు" అని రాసింది. టీచరు ఎన్ని మార్కులు వేస్తారో చూడాలి.

రాత్రి పడుకోబోయే ముందు అడిగింది, "అమ్మమ్మా, మీ పెద్దత్తయ్య పేరేమిటి?" అని. అందరం పెద్దత్తయ్యా, పెద్దక్కా అని పిలవడమే. ఎంతసేపు ఆలోచించినా గుర్తు రాలేదు. తెల్లారి మా ఆడపడుచుకి ఫోన్ చేసి కనుక్కున్నాను. సుభద్రమ్మ.